నలభై ఒకటో ఫోలియో: ప్రైవేట్ ఈక్విటీ న్యాయవాదిగా నా అనుభవం

ఆ సభ్యుల రిజిస్టరు, అంటే కంపెనీ వాటాదారుల పద్దుపుస్తకం, పాతది. అట్ట మూలలు చివికిపోయి, వెన్ను ఊడిపోకుండా ఎర్ర గుడ్డ అంటించి ఉన్నది. 2019 మార్చిలో, జీడిమెట్లలోని ఒక మందుల తయారీ కంపెనీ కార్యాలయంలో దానిని పేజీ పేజీ తిప్పుతూ నేను 41వ ఫోలియో (ఒక వాటాదారు ఖాతా ఉండే పేజీ) దగ్గర ఆగాను. అప్పటిదాకా నీలి సిరాతో ఒకే చేతిరాతలో సాగిన పద్దులు అక్కడ నల్ల సిరాలోకి మారాయి. ప్రమోటరు (కంపెనీ స్థాపక యజమాని) తమ్ముడి పేరున ఉన్న షేర్లన్నీ, అంటే కంపెనీ మూలధనంలో 4 శాతం, 2012లో అన్నగారి పేరుకు మారినట్టు రాసి ఉన్నది. కారణం రాయవలసిన గడిలో "కుటుంబ నిర్ణయం ప్రకారం" అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు ముక్క ఒక్కటే ఉన్నది. బదిలీ పత్రం సంఖ్య లేదు, స్టాంపు వివరం లేదు. ఆ తమ్ముడు 2011లోనే చనిపోయారని నాకు అంతకు ముందురోజే తెలిసింది. చనిపోయిన మనిషి మరుసటి ఏడాది తన షేర్లను ఎవరికీ బదిలీ చేయలేడు.

ప్రైవేట్ ఈక్విటీ ఒప్పందాలు రాసే న్యాయవాదిగా పదేళ్ళు దాటిన నా వృత్తిలో, ఈ పని అంటే ఏమిటో నాకు నిజంగా తెలిసింది ఆ ఒప్పందంలోనే. అందుకే దాని గురించి రాస్తున్నాను. కక్షిదారుల గోప్యత కాపాడవలసిన బాధ్యత నా మీద ఉన్నది కనుక ఊళ్ళు, అంకెలు, బంధుత్వాలు కొన్ని మార్చాను. చట్టానికి సంబంధించిన సంగతులను మాత్రం ఉన్నవి ఉన్నట్టు చెబుతున్నాను.

మా నాన్నగారు తెనాలిలో సబ్ రిజిస్ట్రారు కార్యాలయం ఎదుట దస్తావేజు లేఖరి. "దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో పుత్రపౌత్ర పారంపర్యముగా" అన్న మాటలు అర్థం తెలియకముందే నాకు కంఠతా వచ్చాయి. ఆయన ఏ దస్తావేజైనా చివరి నుంచి, అంటే చెక్కుబంది నుంచి చదివేవారు. తూర్పున ఎవరి పొలం, దక్షిణాన ఏ డొంక, పడమర ఏ కాలువ, ఉత్తరాన ఎవరి దొడ్డి అన్నది సరిగా ఉంటేనే మొదటి పేజీకి వచ్చేవారు. 2008లో తొలిసారి జరిగిన క్లాట్, అంటే జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష, రాసి శామీర్‌పేటలోని నల్సార్‌లో చేరినప్పుడు కోర్టులో వాదించే లాయరునవుతానని ఇంట్లో అందరూ అనుకున్నారు. నేను మాత్రం 2013లో బొంబాయి వెళ్ళి, పెట్టుబడుల ఒప్పందాలు చూసే ఒక న్యాయసంస్థలో చేరాను. మొదటి మూడేళ్ళు కంపెనీ పత్రాలు పరిశీలనకు ఉంచే డేటా రూమ్‌లో పడి ఉన్న వందల కాగితాలు చదవడం, వాటి సారాంశం పట్టికలో ఎక్కించడం, సంతకాల పేజీలు లెక్కపెట్టడం తప్ప మరొకటి చేయలేదు. రాత్రి రెండింటికి ఇల్లు చేరిన రోజులు చాలానే ఉన్నాయి. ఆ చాకిరీ వృథా కాలేదని ఇప్పుడు తెలుసు గాని, అప్పుడు తెలియదు.

ఈ రంగం తెలియని వారి కోసం ఒక మాట చెప్పాలి. ప్రైవేట్ ఈక్విటీ నిధి అంటే పెన్షను సంస్థలు, బీమా కంపెనీలు, సంపన్న కుటుంబాలు వంటి వారి డబ్బును పోగుచేసి, ఎక్కువగా స్టాక్ మార్కెట్‌లో నమోదు కాని కంపెనీలలో పెట్టి, కొన్నేళ్ళ తరువాత ఆ వాటాలను అమ్మి తిరిగి ఇచ్చే ఏర్పాటు. నిధి ఆయుష్షు మామూలుగా పదేళ్ళు. నిర్వాహకులు ఏటా 2 శాతం దాకా రుసుము, లాభంలో 20 శాతం దాకా వాటా తీసుకోవడం ఈ రంగంలో పాత వాడుక. కాబట్టి నిధి ఏ కంపెనీలో అడుగుపెట్టినా, బయటికి వచ్చే దారి ఏదో ముందే రాసుకుంటుంది. పబ్లిక్ ఇష్యూ వస్తుందా, ప్రమోటరే తిరిగి కొంటాడా, మరొక నిధికి అమ్ముకోవచ్చా, అవేవీ కుదరకపోతే మొత్తం కంపెనీనే అమ్మించే హక్కు ఉంటుందా అన్న ప్రశ్నలకు జవాబులు రాయడమే నా పనిలో సగం. అందరూ నవ్వుతూ చేతులు కలుపుతున్న రోజున, వీళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోని రోజు ఎలా ఉంటుందో ఊహించి రాయాలి.

మా కక్షిదారు సింగపూరు నుంచి పెట్టుబడి పెట్టే ఒక నిధి. కంపెనీలో 26 శాతం తీసుకోవాలన్నది, ముఖ్య షరతులు ముందుగా రాసుకునే పత్రమైన టర్మ్ షీట్‌లోని మాట. కంపెనీలో పెద్ద నిర్ణయాలకు కావలసిన ప్రత్యేక తీర్మానం నెగ్గాలంటే నాలుగింట మూడు వంతుల ఓట్లు కావాలి కనుక, 26 శాతం చేతిలో ఉంటే నిధికి ఇష్టం లేని ప్రత్యేక తీర్మానం నెగ్గదు. అందులో కొంత కంపెనీ కొత్తగా జారీచేసే, తరువాత తప్పనిసరిగా మామూలు (ఈక్విటీ) షేర్లుగా మారవలసిన ప్రిఫరెన్స్ షేర్లు. మిగిలినది ప్రమోటరు నుంచి కొనే పాత షేర్లు. హైదరాబాద్ మందుల కంపెనీల యజమానులకు ఇలాంటి బేరాలు అప్పటికి కొత్త కాదు. గ్లాండ్ ఫార్మాలో అమెరికా పెట్టుబడి సంస్థ కేకేఆర్ 2013లో పెట్టుబడి పెట్టడం, 2017లో చైనాకు చెందిన ఫోసున్ దానిలో 74 శాతం వాటాను సుమారు 109 కోట్ల డాలర్లకు కొనడం వారందరికీ తెలిసిన కథే. ఆ 74 శాతం కూడా ఊరికే వచ్చిన అంకె కాదు. నడుస్తున్న మందుల కంపెనీలో విదేశీ పెట్టుబడి అంతకు మించితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. మా ఒప్పందం ఆ హద్దుకు చాలా దిగువనే ఉన్నా, ఇలాంటి కంపెనీలకు వర్తించే మరొక నియమం మమ్మల్ని ఇబ్బంది పెట్టింది: ప్రత్యేక పరిస్థితులలో ప్రభుత్వం అనుమతిస్తే తప్ప పోటీ నిషేధ షరతు (కంపెనీకి పోటీగా వ్యాపారం చేయకూడదన్న షరతు) పెట్టకూడదు. మిగతా రంగాల ఒప్పందాలలో కళ్ళు మూసుకుని రాసే ఆ షరతును ఇక్కడ తీసేసి, ప్రమోటరు తన పూర్తి కాలాన్ని కంపెనీకే కేటాయించేలా వేరే మార్గాలు వెతకడానికి వారం పట్టింది.

41వ ఫోలియో దగ్గర నేను చేసిన తప్పు చెప్పాలి. దానిని చూసిన రోజునే గుర్తించాను గాని, కంపెనీ కాగితాల పరిశీలన మీద నిధికి ఇచ్చే నివేదిక మొదటి చిత్తుప్రతిలో దానిని 63వ పేజీలో, పసుపు రంగు వేసిన మామూలు లోపాల మధ్య చేర్చాను. నాకు పైనున్న ఒక సీనియరు "4 శాతమే కదా, ప్రమోటరు దగ్గర ఇండెమ్నిటీ రాయించుకుని ముందుకు పోదాం" అన్నారు. ఇండెమ్నిటీ అంటే నష్టం వస్తే భర్తీ చేస్తానన్న హామీ. టర్మ్ షీట్ గడువు దగ్గర పడుతున్నది, నాకు కూడా ఆ మాట ఊరటగానే అనిపించింది. ఆ రాత్రి నాన్నగారికి ఫోను చేసినప్పుడు, ఎవరి పేరూ చెప్పకుండా, చనిపోయినవారి ఆస్తి దస్తావేజు లేకుండానే పేరు మారి ఉంటే మీరు ఏం చేస్తారని అడిగాను. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఆ భార్యాబిడ్డలు ఎక్కడున్నారు తల్లీ?"

ఆ ప్రశ్న నా 63వ పేజీలో ఎక్కడా లేదు. మరునాడు పొద్దున్నే ఆ అంశాన్ని మొదటి పేజీకి, ఎర్ర గడిలోకి మార్చాను. వాదన స్పష్టంగానే ఉన్నది. అప్పటి 1956 కంపెనీల చట్టంలో 108వ సెక్షను ప్రకారం సంతకాలు, స్టాంపు సక్రమంగా ఉన్న బదిలీ పత్రం లేకుండా కంపెనీ బదిలీని నమోదు చేయకూడదు. ఆ తమ్ముడు వీలునామా రాయలేదు, తల్లి అంతకు ముందే కన్నుమూశారు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆ షేర్లు భార్యకు, కొడుకుకు, కూతురుకు మూడు సమాన భాగాలుగా వెళ్ళవలసినవి. ప్రమోటరు నిధికి అమ్మదలచిన షేర్లలోనే ఈ 4 శాతమూ కలిసి ఉన్నది. రేపు ఆ వారసులు 2013 కంపెనీల చట్టం 59వ సెక్షను కింద రిజిస్టరును సరిదిద్దమని కంపెనీ లా ట్రిబ్యునల్‌కు వెళితే, డబ్బు చెల్లించి కొన్న షేర్లు నిధివి కావని తేలవచ్చు. అప్పుడు 26 శాతం కాస్తా 25 లోపుకు జారుతుంది, ఆపగలిగే శక్తీ పోతుంది. ఇండెమ్నిటీ డబ్బు తెచ్చిపెడుతుంది గాని ఓటును తెచ్చిపెట్టదు. మా న్యాయసంస్థ భాగస్వామి ఆ చివరి సంగతి విన్నాక, దీనిని సరిదిద్దనిదే క్లోజింగ్ (డబ్బు, షేర్లు చేతులు మారే ఘట్టం) లేదని ముందస్తు షరతుగా రాయమన్నారు.

ప్రమోటరు చెడ్డవాడని నేను అనను. తమ్ముడి పిల్లలిద్దరి చదువులకూ ఫీజులు ఆయనే కట్టారు. కంపెనీని తానొక్కడే నిలబెట్టానని, కుటుంబం ఆస్తి కుటుంబంలోనే ఉన్నదని ఆయన మనస్ఫూర్తిగా నమ్మారు. ఆయన లాయర్లు తెచ్చిన పరిష్కారం తేలికైనది: మరదలు, పిల్లలు ఇద్దరూ 10 లక్షల రూపాయలకు హక్కు విడుదల పత్రం రాసిస్తారు, ఒక్క పేజీతో పని అయిపోతుంది. ఆ షేరు ముఖవిలువ 10 రూపాయలు. నిధి ఇవ్వబోయే ధర దానికి వందల రెట్లు. ఆ సంగతి వారికి తెలియకుండా సంతకం తీసుకుంటే, 1872 నాటి ఒప్పందాల చట్టంలోని అనుచిత ప్రభావం, మోసం అన్న పదాలు ఎప్పుడైనా తలుపు తట్టవచ్చు. కాబట్టి మా కక్షిదారు క్షేమం కోరే మేము రెండు షరతులు పెట్టాం. ఆ ముగ్గురికీ వారు ఎంచుకున్న సొంత న్యాయవాది ఉండాలి. నిధి చెల్లించే ధర వారికి రాతపూర్వకంగా తెలియాలి.

ఇక్కడే విదేశీ మారక నిబంధన ఒకటి మాకు కలిసొచ్చింది. దేశంలో ఉన్నవారు విదేశీ పెట్టుబడిదారుకు నమోదుకాని కంపెనీ షేర్లు అమ్మితే, అర్హత ఉన్న నిపుణుడు లెక్కకట్టిన న్యాయమైన విలువకు తగ్గకూడదు. బావగారికి అమ్మితే ఆ ముగ్గురికి అలాంటి రక్షణ ఏదీ లేదు. నేరుగా నిధికి అమ్మితే ధరకు చట్టమే అడుగుమెట్టు కడుతుంది. అందువల్ల మేము సూచించిన మార్గం ఇది: ముందు షేర్లు వారసుల పేర్లకు మారాలి, ఆ తరువాత అమ్మదలచుకుంటే వారే నిధికి అమ్మాలి, అంతమేరకు ప్రమోటరు అమ్మే షేర్లు తగ్గాలి. ప్రమోటరు ఒప్పుకోవడానికి ఐదు వారాలు పట్టింది. చివరికి ఆయనను ఒప్పించింది మా ఉత్తరాలు కావు, ఆయన సొంత ఆడిటరు.

జూన్‌లో ఆ వారసులు ఉంటున్న గుడివాడ వెళ్ళాం. మా బృందంలో తెలుగు వచ్చినది నేనొక్కదాన్నే. కంపెనీ లాయరు, వారసుల తరఫు ప్లీడరుగారు, ఉద్యోగం చేస్తున్న కూతురు, కొడుకు అందరూ వసారాలో కూర్చున్నారు. ఆ తల్లి నన్ను ఎగాదిగా చూసి మొదటే అడిగేశారు.

"అమ్మాయ్, నువ్వు మా బావగారి తరఫు మనిషివా?"

"కాదమ్మా. డబ్బు పెట్టేవాళ్ళ తరఫు లాయరుని. మీ తరఫున ప్లీడరుగారు ఉన్నారు. నేను చెప్పిన ప్రతి మాటా ఆయనను అడిగి రూఢి చేసుకోండి."

ఆమె లోపలికి వెళ్ళి ఒక రేకు పెట్టె తెచ్చి మూత తెరిచారు. కలరా ఉండల వాసన గుప్పుమన్నది. పట్టుచీరల అడుగు నుంచి, పాత క్యాలెండరు కాగితంలో చుట్టిన ఒక కట్ట తీసి నా ముందు పెట్టారు. అవి అసలు షేరు సర్టిఫికెట్లు. మడతల దగ్గర పసుపు పచ్చబడ్డాయి గాని కంపెనీ ముద్ర స్పష్టంగా ఉన్నది. "ఆయన కంపెనీ కాగితాలని దాచానమ్మా, ఇవి డబ్బులని నాకు తెలియదు" అన్నారు. బదిలీ నమోదు కావాలంటే బదిలీ పత్రంతో పాటు కంపెనీకి అందవలసిన ఆ సర్టిఫికెట్లు ఎనిమిదేళ్ళుగా చీరల కింద ఉన్నాయి. కంపెనీ లాయరు వాటిని చేతిలోకి తీసుకుని, ఒక్కొక్క సంఖ్యా రిజిస్టరు నకలుతో సరిచూసుకుని, ఏమీ మాట్లాడకుండా తిరిగి ఆమె చేతికే ఇచ్చారు.

ఆ ముగ్గురూ తమ షేర్లలో సగం అమ్మి, సగం ఉంచుకోవాలని నిర్ణయించుకున్నారు. ఉంచుకున్నవారు కనుక షేర్ హోల్డర్ల ఒప్పందంలో వారు కూడా పక్షాలయ్యారు. ప్లీడరుగారి కోరిక మీద ముఖ్యమైన షరతులను నేను తెలుగులో వివరించాను. ట్యాగ్ హక్కును ఇతరులు అమ్మినప్పుడు వారి వెంట అమ్ముకునే హక్కు అని చెబితే ఆమెకు వెంటనే అర్థమైంది. డ్రాగ్ దగ్గర ఆపారు.

"అంటే వాళ్ళు అమ్ముకున్న రోజు నన్నూ అమ్మమంటారా? నాకు ఇష్టం లేకపోయినా?"

"ఈ షరతు ప్రకారం అంతేనమ్మా."

"మరి ఆ రోజు ధర ఎవరు చెబుతారు?"

నేను అంతకు ముందు ఇరవైకి పైగా ఒప్పందాలలో ఆ షరతును రాశాను. అవతలి పక్షం లాయర్లు దాని మీద పేజీలకు పేజీలు దిద్దారు. ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్నను పట్టుకుని ప్లీడరుగారు నాలుగు మార్పులు కోరారు: అందరికీ షేరుకు ఒకే ధర ఉండాలి, అది నగదుగానే అందాలి, ఇప్పటి ధరకు తగ్గకూడదు, తమ షేర్లు తమవేనన్న ఒక్క వారంటీ తప్ప ఆ ముగ్గురి నుంచి మరేదీ అడగకూడదు. నిధి మూడోదానికి ఒప్పుకోలేదు, మిగిలినవి ఒప్పుకున్నది. మూడోదానికి బదులుగా ప్లీడరుగారు మరొకటి రాయించారు. నిధి అమ్మినా, ప్రమోటరు అమ్మినా ఆ ముగ్గురికి 30 రోజుల నోటీసు ఇవ్వాలి, నోటీసుకు తెలుగు ప్రతి జతచేయాలి. బొంబాయిలో మా వాళ్ళకు ఇది వింతగా తోచింది. నాకు తోచలేదు.

సంతకాల పేజీ గురించి కూడా నాన్నగారినే అడిగాను. ఇంగ్లీషు దస్తావేజు మీద తెలుగులో సంతకం చేసేవారి విషయంలో, చదివి వినిపించగా అర్థం చేసుకుని సంతకం చేశారని కింద రాసి, చదివినవారి సంతకం కూడా తీసుకుంటామన్నారు. అవతలి పక్షం లాయరుని కనుక నేను ఆ సంతకం చేయకూడదు. ప్లీడరుగారు రెండు రోజులు కూర్చుని మొత్తం తానే చదివి వినిపించి సంతకం చేశారు.

క్లోజింగ్ ఆగస్టులో జరిగింది. బయటివారికి అది సంతకాల పండుగలా కనిపిస్తుంది గాని, నిజానికి అది వరుస తప్పకూడని ఒక క్రమం. ముందు సభ్యుల సమావేశంలో ఆర్టికల్స్ (కంపెనీ అంతర్గత నియమావళి) మారాలి. 1991లో వి.బి. రంగరాజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినది ఇదే. అక్కడ కూడా ఇద్దరు అన్నదమ్ముల కుటుంబాలే, చెరి 25 షేర్లు. షేర్లు ముందుగా తమ శాఖవారికే ఇవ్వజూపాలన్న ఒడంబడిక ఉన్నా అది ఆర్టికల్స్‌లో లేదు కనుక కంపెనీని, సభ్యులను కట్టిపడేయదని తీర్పు వచ్చింది. ఆ తరువాత కొత్త షేర్ల డబ్బు విడి బ్యాంకు ఖాతాలోకి రావాలి, వచ్చిన 60 రోజులలోపు షేర్లు కేటాయించాలి, కేటాయించిన 15 రోజులలో కంపెనీల రిజిస్ట్రారుకు, 30 రోజులలో రిజర్వు బ్యాంకుకు వివరాలు దాఖలు చేయాలి. పాత షేర్ల అమ్మకానికి మరొక ఫారం, దానికి 60 రోజుల గడువు, దాఖలు బాధ్యత దేశంలో ఉన్న అమ్మకందారులది. అంటే గుడివాడలోని ఆ తల్లిది. సింగపూరు నుంచి వచ్చిన డబ్బుకు కాగితాలు ఎలా ఇవ్వాలో ఆమె బ్యాంకు శాఖకు కొత్త. కూతురు ఉద్యోగానికి సెలవు పెట్టి బ్యాంకు చుట్టూ తిరిగింది, ఏ కాగితం అడగాలో ప్లీడరుగారికి నేను ఫోనులో చెబుతూ వచ్చాను. 58వ రోజున దాఖలు పూర్తయింది. ఆ లోపే, అక్టోబరు 17న, విదేశీ పెట్టుబడుల నిబంధనలే కొత్తవి వచ్చాయి. మా పాత నోట్సు సగం తిరగరాసుకున్నాం.

ఆ దసరాకు ఇంటికి వెళ్ళినప్పుడు, ఒప్పందం ఎలా ఉంటుందో చూస్తానన్న నాన్నగారికి, పేర్లు తీసేసిన నమూనా ప్రతి ఒకటి ఇచ్చాను. నూట నలభై పేజీలను చివరి నుంచి తిప్పి, "చెక్కుబంది ఎక్కడమ్మా?" అన్నారు. అనుబంధంలోని షేర్ల పట్టిక చూపించాను: ఎవరికి ఎన్ని, క్లోజింగ్‌కు ముందు ఎంత, తరువాత ఎంత. ఆయన వేలుతో ఒక్కొక్క వరుసా కూడుకుంటూ వెళ్ళి, మొత్తం నూరు వచ్చాకే మొదటి పేజీ తెరిచారు. అప్పటి నుంచి నేనూ ఏ ఒప్పందమైనా ఆ పట్టిక నుంచే మొదలుపెడతాను, నా దగ్గర చేరే జూనియర్లకు మొదటి నెలలో రిజిస్టర్లే ఇస్తాను. కంప్యూటర్లు ఒప్పందాల సారాంశాలు తీస్తున్న ఈ రోజులలో కూడా, సిరా రంగు మారిన చోటు మనిషి కంటికే కనిపిస్తుందని నా నమ్మకం.

2024లో ఆ నిధి తన వాటాను మరొక నిధికి అమ్మడానికి సిద్ధమైంది. డ్రాగ్ అవసరం రాలేదు. ఆ ముగ్గురికి వెంట అమ్ముకునే హక్కు నోటీసు మాత్రం ఇవ్వవలసి వచ్చింది. ఆ ఒప్పందం మా దగ్గరకే వచ్చింది, అప్పటికి నేను భాగస్వామిని. ఇంగ్లీషు నోటీసు జూనియరు రాశాడు, తెలుగు ప్రతి నేను రాశాను. వృత్తి మానుకుని ఇంట్లో ఉంటున్న నాన్నగారికి, పేర్లు, ధర పలకకుండా, ఫోనులో చదివి వినిపించాను. "ప్రతిపాదిత కొనుగోలుదారు" అన్న చోట ఆపి, అది మనుషులు మాట్లాడే మాట కాదు, "కొనదలచినవారు" అని రాయమన్నారు. మూడు చోట్ల దిద్దుకుని, ఆ సాయంత్రమే గుడివాడకు రిజిస్టరు పోస్టులో పంపించాను.